పులిహోర లేని ప్రయాణం

మా ఇంట్లో ప్రయాణమంటే పులిహోర. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా, ఆఖరికి ఆస్పత్రికి వెళ్ళినా సరే, ముందురోజు రాత్రే చింతపండు నానవలసిందే. తెల్లవారుజామున నాలుగింటికి ఇంగువ పోపు ఘుమఘుమ వీధి చివరిదాకా పాకిందంటే, "ఇవాళ వీళ్ళు ఎక్కడికో బయలుదేరుతున్నారు" అని ఇరుగుపొరుగు వాళ్ళు గ్రహించేస్తారు. మా అత్తగారు గోదావరి పుష్కరాలకి 1991లో రాజమండ్రి వెళ్ళారు, 2003లో వెళ్ళారు, 2015లోనూ వెళ్ళారు. మూడుసార్లూ మూడేసి మునకలు వేశారు, మూడుసార్లూ గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, డెబ్భై రెండేళ్ళ వయసులో ఆవిడకి తెలిసిన రాజమండ్రి అంతా కలిపి గోదావరి నీళ్ళూ, స్టీలు కేరియరు మూతానూ!

మా కొత్తపేటకి రాజమండ్రి ఏపాటి దూరం గనక? నలభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పొద్దున్న వెళ్ళి పని చూసుకుని, చీకటి పడేలోగా ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు. అందుకే కాబోలు, ఆ ఊరికి పని మీద వెళ్ళడమే గాని ఊరికే వెళ్ళడం అన్నది మాకెప్పుడూ తోచలేదు. 2015లో దాని పేరు మళ్ళీ రాజమహేంద్రవరం అయింది గాని, మా నోళ్ళకి అది రాజమండ్రే.

ఈ మధ్య సంక్రాంతి వెళ్ళిన రెండోవారం, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, నువ్వూ నాన్నా నాన్నమ్మా ఈ శని, ఆదివారాలు వంటింటికి తాళం వేసి రాజమండ్రి వెళ్ళి రండి. హోటల్లో గది నేను తీసేశాను. ఎక్కడేం తినాలో, ఎక్కడేం తాగాలో అంతా రాసి పంపిస్తున్నాను. షరతు ఒక్కటే. పులిహోర తీసుకెళ్ళకూడదు" అంది.

ఈ కాలం పిల్లలకి శనివారం వచ్చిందంటే చాలు, ఎక్కడికి వెళ్ళి ఏం తిందామన్నదే చర్చ. మన తరంలో ఊరు వెళ్ళినవాళ్ళని "ఏం చూశారు?" అని అడిగేవారు. వీళ్ళు "ఏం తిన్నారు?" అని అడుగుతున్నారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు మాత్రం ఆ ప్రశ్న తేలికగా తీసి పారెయ్యవలసింది కాదనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

జాబితా చదివి వినిపించి, "మీరేం తింటారండీ?" అని మా అత్తగారిని అడిగాను.

"నాదేముందే అమ్మాయ్! మీరేది తింటే అదే" అన్నారు ఆవిడ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏం కూర చెయ్యమంటారని అడిగితే, మామగారు ఉన్నన్నాళ్ళూ "ఆయనకేది ఇష్టమో అది చెయ్యి" అనేవారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు "వాడికేది ఇష్టమో అది చెయ్యి" అంటున్నారు. నా నవలల్లో నాయికలకి ఏ రంగు చీర ఇష్టమో, ఏ పువ్వు ఇష్టమో ఇట్టే రాసేస్తూ ఉంటాను. ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు నాతోపాటు మసిలిన మనిషికి ఏం తినడం ఇష్టమో నాకు తెలియదు. ఆ పూట ఆ సంగతి తట్టి, చేతిలో ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ఏకంగా హైవే ఎక్కితే గంటలో వెళ్ళిపోవచ్చు గాని, శనివారం నాడు వాడపల్లి వెంకన్నని చూడకుండా ఆవిడ గుటక వెయ్యరు. రావులపాలెం మీదుగా వాడపల్లి చేరేసరికే జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఏడు శనివారాలు వచ్చి, ఏడేసి ప్రదక్షిణాలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం గదా! దర్శనమయ్యాక, "ఏం కోరుకున్నారండీ?" అన్నాను. "అంతా బాగుండాలని" అన్నారు. అంతాలో ఆవిడ ఉన్నారో లేదో వెంకన్నకే తెలియాలి.

అక్కణ్ణించి లొల్ల లాకులు దాటి ఆత్రేయపురం. ఇక్కడ ఆగకుండా పోయేవాళ్ళు ఉండరు, ఉన్నా వాళ్ళతో నాకు స్నేహం అక్కర్లేదు. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ఊరిదేనని సర్కారు వారు ముద్ర వేశారన్నమాట. కొట్టులో డబ్బాలు కొనుక్కుని వచ్చెయ్యకండి. వీలుంటే రేకు తీసే ఇంట్లో పది నిమిషాలు కూర్చోండి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి పరుస్తారు. గుడ్డ తీసేలోగా పొర కట్టేస్తుంది. దాన్ని చిరగకుండా లేవదీసి, నెయ్యీ, పంచదార పొడో బెల్లం పొడో జల్లి మడత పెడతారు. కాయితం కన్నా పల్చన! చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే రేకు మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది.

మా అత్తగారు పొయ్యి పక్కనే చతికిలబడి, రేకులు తీస్తున్న ఆవిడతో కబుర్లలో పడిపోయారు. మంటెంత, పిండెంత, బియ్యమెన్నాళ్ళు నానాలి అంటూ అన్నీ అడిగి, చివర్ని "రోజుకి నువ్వెన్ని తింటావే?" అన్నారు.

"భలేవోరండి! రోజంతా దీని ముందే గదండీ, తినబుద్ధి కాదండి" అని నవ్వింది ఆవిడ.

"అంతేలే. చేసే చేతికి నోరుండదు" అన్నారు మా అత్తగారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కాం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసేదాకా ఈ సీమలో కరువులూ వరదలూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవట. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తరవాత కట్టినదే గాని, దానిమీద వెళ్ళేటప్పుడు మావాళ్ళు ఆయనకే దణ్ణం పెడతారు. మనం వండుకునే అన్నం అక్కణ్ణించి వచ్చిందే గదా! మావారు నీళ్ళకేసి చూసి, "పులస ఉంటే ఎంత బాగుండేది!" అని నిట్టూర్చారు. మీరూ గుర్తు పెట్టుకోండి. పులస అన్నది వానాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతూ వస్తుంది. పుస్తెలమ్మి అయినా తినాలని సామెత. పుష్యంలో, మాఘంలో ఎవరైనా పులస అని అమ్మితే మీ పుస్తెలు మీ దగ్గరే ఉంచుకోండి.

రాజమండ్రిలో భోజనం అరిటాకు మీద వడ్డించే హోటల్లో చేశాం. హోటలు ఎంచుకోవడానికి నాకొక పద్ధతుంది. ముందు చెయ్యి కడుక్కునే చోటు చూస్తాను. అది శుభ్రంగా ఉంటే వంటగదీ శుభ్రంగా ఉంటుందని నమ్మకం. రెండోది, ఒంటరిగా కూర్చుని నింపాదిగా తింటున్న ఆడమనిషి ఒక్కరైనా కనబడితే, ఇంక ఆలోచించక్కర్లేదు, అది మంచి చోటే. ఒంటిగంట లోపల వెళితే అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది, వడ్డించేవాళ్ళకి ఓపికా ఉంటుంది.

నా చిన్నప్పుడు హోటళ్ళలో ఆడవాళ్ళ కోసం 'ఫ్యామిలీ రూమ్' అని ఉండేది, జ్ఞాపకముందా? ఆకుపచ్చ తెర, లోపల నాలుగు కుర్చీలు, తిరగని ఫ్యానూ. ఏదో తప్పు చేస్తున్నట్టు తల వంచుకుని లోపలికి వెళ్ళి, దోసె తిని, తల వంచుకునే బయటికొచ్చేవాళ్ళం. విచిత్రమేమిటంటే, మన దేశంలో డబ్బు తీసుకుని పరాయివాళ్ళకి అన్నం పెట్టిన పూటకూళ్ళ ఇళ్ళు నడిపినది ఎక్కువగా ఆడవాళ్ళే. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశాన్ని మేపి, చివరికి చీపురుకట్ట అందుకున్న పూటకూళ్ళమ్మని మనం మరిచిపోగలమా? నాటకం సంగతి అలా ఉంచండి. 1953లో ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం గారి తల్లి, భర్త పోయాక ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపే పిల్లల్ని సాకింది. ఆ కొడుకే రాజమండ్రి వచ్చి చదువుకుని, వకీలై, ఈ ఊరి మునిసిపాలిటీకి ఛైర్మన్ కూడా అయ్యాడు. బయట వండి పెట్టడానికి పనికొచ్చిన ఆడది, బయట కూర్చుని తినడానికి మాత్రం ఎన్నాళ్ళో తెర చాటు వెతుక్కోవలసి వచ్చింది!

ముద్దపప్పు, ఆవకాయ, కందాబచ్చలి, పనసపొట్టు కూర, మజ్జిగపులుసు. ఆకు నిండిపోయింది. మా అత్తగారు మాత్రం తినడం లేదు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. "పప్పులో ఉప్పు అర పలుకు తక్కువ. కందాబచ్చలికి ఆవ సరిగ్గా పట్టింది. పనసపొట్టు ఇంకాస్త సన్నంగా కొట్టాలి" అంటూ మార్కులు వేస్తున్నారు. ఇంతలో మావారి ఆకులో నెయ్యి తక్కువైందని కనిపెట్టారు. మరుక్షణం లేచి నిలబడి, వడ్డించే కుర్రాడి చేతిలో నేతిగిన్నె అందుకోబోయారు!

"ఆయ్, మీరు కూర్చోండి మామ్మగారూ. నేనున్నాను గదండీ" అన్నాడా కుర్రాడు.

ఆవిడ కూర్చున్నారు. కూర్చున్నారే గాని, చేతులేం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. యాభై ఏళ్ళకి పైగా వడ్డించిన చేతులవి. వాటికి సెలవంటే ఏమిటో అలవాటు లేదు.

సాయంత్రం కోటగుమ్మం దగ్గరికి వెళ్ళాం. 1950 నుంచీ ఉన్న రోజ్‌మిల్క్ కొట్టు అక్కడుంది. పెద్ద హంగేమీ ఉండదు. గ్లాసులో గులాబీరంగు పాలు, చల్లగా, చిక్కగా ఉంటాయి. నిలబడి తాగేవాళ్ళు తాగుతూ ఉంటారు, వెనక వచ్చేవాళ్ళు వస్తూ ఉంటారు. రాజమండ్రిలో చదువుకున్న ఎవరినైనా అడగండి, ముందు ఈ గ్లాసు పేరే చెబుతారు. మా అత్తగారు గ్లాసుని దీపం వెలుగుకి ఎత్తి చూసి, "పాలకి ఈ రంగేమిటే?" అని కొంగుతో అంచు తుడిచి, గటగటా తాగేశారు.

"ఇంకోటి చెప్పనా అండీ?"

"అబ్బే, చాలు చాలు."

పదడుగులు వేశాం. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "అందరూ ఒక్కోటే తాగుతారుటే?" అన్నారు.

నేను మావారికేసి చూశాను. ఆయన మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చారు. రెండోది ఆవిడ తీరిగ్గా, ఒక్కో గుక్కే తాగారు. ఇన్నేళ్ళకి మా అత్తగారికి ఇష్టమైనది ఒకటి కనిపెట్టానన్న సంతోషం, నా మొదటి నవల అచ్చయినప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి.

పుష్కరఘాట్‌లో గోదావరి హారతి చూసి, మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. ఎడంగా 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన మీద రైలు వెడుతుంటే నీళ్ళలో దీపాల వరస కదిలింది. వేడి మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, కాయితం పొట్లం మధ్యలో పెట్టుకుని ముగ్గురం తిన్నాం. ఆ బజ్జీలతో ఆగి ఉంటే బాగుండేది. రాత్రి భోజనానికి జాబితాలో లేని హోటలుకి వెళ్ళి పొరపాటు చేశాం. పేరెందుకు లెండి. అద్దాల తలుపులు, వణికించే చలి, పుస్తకమంత మెనూ. అందులో సగం పేర్లు మాకు అర్థం కాలేదు. ముప్పావుగంట తరవాత వెన్నలో ఈదుతున్న కూరేదో తెచ్చిపెట్టారు. రొట్టెలు అట్టముక్కల్లా ఉన్నాయి. రెండేసి ముద్దలు తిని, బిల్లు కట్టి, నోరెత్తకుండా బయటపడ్డాం.

గదికి వచ్చాక మా అత్తగారు మెల్లగా మంచం కిందకి వంగి, చీరెల సంచీ లోంచి స్టీలు కేరియరు తీశారు.

మూత తియ్యగానే గదంతా ఇంగువ! మా అమ్మాయి షరతు గాలికి పోయింది. నేనూ మావారూ సిగ్గులేకుండా చెరో కంచం పట్టుకు కూర్చున్నాం. ఆవిడ మాత్రం పెట్టుకోలేదు.

"మీరూ తినండి. హోటల్లో ఏమీ తినలేదుగా" అన్నాను.

"నాకొద్దే. పూతరేకొకటి ఇలా ఇయ్యి" అన్నారు. కాస్సేపాగి, గోడకేసి చూస్తూ, "అసలు నాకు పులిహోర సయించదు" అన్నారు.

మావారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అదేమిటమ్మా! ఇన్నేళ్ళూ చేశావుగా?"

"మీ నాన్నగారికి ఇష్టం గదరా. పైగా రెండుపూటలైనా పాడవదు. ఆ చింతపండు పులుపుకి నాకు గుండెల్లో మంట. పుష్కరాల్లో తిన్నానంటే, ఇంకేముంది తినడానికి?"

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారురా?"

కోపంగా అన్నది కాదు. నిష్ఠూరమూ లేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. అందుకేనేమో మరీ బాధేసింది. నేను మట్టుకు అడగలేదూ? రోజూ అడిగాను. ఏం వండమంటారని అడిగాను. అది ఇంటికోసం అడిగిన ప్రశ్న. నీకేం తినాలని ఉందని, జవాబు వచ్చేదాకా ఎదురుచూస్తూ అడగడం వేరే. ఆ తేడా నాకు ఆ రాత్రి పులిహోర ముందు కూర్చున్నాక తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే, ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అన్నాను కంగారుగా. "ఏం లేదే. పొయ్యి లేదుగా, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను" అన్నారు. ఫోను చేస్తే కింద నుంచి ఫ్లాస్కులో కాఫీ వచ్చింది. ఎవరో కలిపిన కాఫీ, మంచం మీద కూర్చుని, తెల్లారకుండా తాగడం ఆవిడకి జీవితంలో అదే మొదలట. "డికాక్షను పల్చన" అని మార్కు వేశారు గాని, కప్పు ఖాళీ చేశారు.

ఆదివారం టిఫిను అసలు ఘట్టం. గోదావరి ఊళ్ళలో పొద్దుటి పూట తినవలసినవి పెసరట్టు ఉప్మా, దిబ్బరొట్టె. మా అంబాజీపేట వైపు అయితే పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు. ఏదైనా సరే, పెద్ద బోర్డు చూడకండి, పెనం చూడండి. అట్టు మీ కళ్ళ ముందు పడుతూ ఉంటే కూర్చోండి. మేం వెళ్ళినది నాలుగు బల్లలున్న చిన్న హోటలు. కుర్రాడు వచ్చి ఇడ్లీ, వడ, పూరీ, పెసరట్టు అంటూ దండకం చదివాడు. నేను మా అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసి, "మీకు?" అని ఊరుకున్నాను. నేనేమీ అందించలేదు. మావారు నోరు తెరవబోతే కాలు తొక్కాను.

చాలాసేపు పట్టింది. కుర్రాడు ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి మారాడు. చివరికి, "పెసరట్టు. అల్లం ఎక్కువ వెయ్యి. ఉల్లిపాయ వద్దు. ఉప్మా వద్దు" అన్నారు మా అత్తగారు, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు.

అట్టు వచ్చింది. అంచులు ఎర్రగా, మధ్యలో పచ్చగా, పొగలు పోతూ. ఆవిడ చెయ్యి తన పని తాను చేసేసింది. ప్లేటు మావారి ముందుకి జరిగిపోయింది.

"ఇది మీదేనండి మామ్మగారూ! ఆరిపోద్దండి, తినేయండి. బాబుగారికి ఇంకోటి తెచ్చేత్తానుగా" అన్నాడు కుర్రాడు.

మావారు ప్లేటు వెనక్కి జరిపారు. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. అటు తరవాత ఉప్పూ కారం మార్కులు లేవు, మాటా లేదు. అట్టంతా అయ్యాక మంచినీళ్ళు తాగి, "వేడట్టు ఇలా ఉంటుందన్నమాట" అన్నారు.

మీరు నవ్వకండి. ఒక్కసారి లెక్క వెయ్యండి. మనలో పెనం ముందు నిలబడేవాళ్ళం వేడట్టు తిని ఎన్నాళ్ళయింది? పిల్లలకీ, ఆయనకీ, అత్తమామలకీ, వచ్చిన చుట్టాలకీ వేసి, చివర్ని మనకి రెండు వేసుకుని, స్టవ్వు కట్టి, గట్టు తుడిచి కూర్చునేసరికి అవి చల్లారి రబ్బరు ముక్కలవుతాయి. అట్టు వెయ్యడంలో మనంత నేర్పరులు లేరు. అట్టు రుచి తెలిసినవాళ్ళు మాత్రం మిగతా ఇంటిల్లిపాదీ!

తిరుగుదారి ద్వారపూడి మీదుగా పెట్టుకున్నాం, తాపేశ్వరం కోసం. అక్కడ మడత కాజా తినకుండా రావడం కాశీ వెళ్ళి గంగ చూడకపోవడమే. కాకినాడది గొట్టం కాజా, లోపల పాకం దాచుకుంటుంది. తాపేశ్వరానిది మడత కాజా, పొరపొరకీ పాకం పట్టించుకుంటుంది. ఆ మడతకి పేరు తెచ్చినవారు పోలిశెట్టి సత్తిరాజు గారు. ఈ ఊళ్ళోనే 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. మావారు ఆ అంకె చెబితే, మా అత్తగారు "అంత లడ్డూ ఎవరు పంచారో, పంచినవాళ్ళకి మిగిలిందో లేదో" అన్నారు. వేడి కాజా మాత్రం తనే చెయ్యి చాచి తీసుకున్నారు, ముందుగా.

తాపేశ్వరం దాటితే మండపేట. కారు ఊరి మధ్యగా వెడుతుంటే, "డొక్కా సీతమ్మ గారి పుట్టిల్లు ఈ ఊరే" అన్నారు ఆవిడ. 1841లో అక్కడ పుట్టి, మా గోదావరి లంకల్లోని గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా ఆకలితో వచ్చినవాళ్ళందరికీ వేళ లేకుండా అన్నం పెట్టిన తల్లి. గన్నవరం దగ్గర అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి బళ్ళలో పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఒకసారి సీతమ్మ గారు అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో పెళ్ళివారి గుంపు ఒకటి, "ఇంకాస్త ఓపిక పట్టండి, సీతమ్మ గారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పిల్లల్ని ఊరడించడం చెవిని పడి, స్వామిని చూడకుండానే వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి వంట మొదలుపెట్టారని చెబుతారు.

మా కోనసీమలో ఈ కథ వినని ఆడపిల్ల ఉండదు. మా అత్తగారే నాకు వందసార్లు చెప్పి ఉంటారు, మా అమ్మాయికీ చెప్పారు. ఈసారీ చెప్పారు. చెప్పి, ఎప్పటిలా "మహాతల్లి!" అని దణ్ణం పెట్టుకున్నారు. తరవాత కిటికీ లోంచి కొబ్బరిచెట్లు చూస్తూ, "అంతర్వేది చూడాలని ఆవిడకి మాత్రం ఉండదుటే?" అన్నారు.

ఆ మాటకి ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆలమూరు వచ్చింది, జొన్నాడ వచ్చింది, వంతెన దాటి రావులపాలెం వచ్చాం. పెట్టడం గొప్పదే, కాదన్నదెవరు? అన్నం పెట్టే చేతిని మించింది లేదని నేనూ నమ్ముతాను. పెట్టే మనిషి పక్కన ఆకు వేసి, నువ్వూ కూర్చోమని మనం ఎందుకు అనలేకపోయామా అన్నదే నా బెంగ.

సోమవారం పొద్దున్న ఇంట్లో పెనం పెట్టాను. పెసరపిండి రుబ్బి సిద్ధంగా ఉంది. మా అత్తగారు వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని, "మొదటిది నాకు వెయ్యి. అల్లం మరిచిపోకు" అన్నారు. అల్లం సన్నగా తరిగి, వేసి ఇచ్చాను. వేడివేడిగా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, నా చేతిలో అట్లకాడ లాక్కున్నారు.

"ఇప్పుడు నువ్వు కూర్చో. నీకేం వెయ్యను? ఉల్లిపాయా, అల్లమా, ఉత్తిదా?"

"ఏదో ఒకటి వెయ్యండి" అన్నాను.

"అదేం కుదరదు. చెప్పు."

ఆలోచించాను. మావారికి ఉల్లిపాయ కావాలి. మా అమ్మాయికి ఉత్తిది, కరకరలాడాలి. మా నాన్నకి జీలకర్ర. నాకు?

అట్లకాడ పట్టుకుని ఆవిడ ఎదురుచూస్తున్నారు. పెనం కాలుతోంది.